విషం పట్టే పాన్‌దాన్

నేను తయారుచేసిన మొదటి పరికరం ఒక పాన్‌దాన్‌లో ఇమిడిపోయింది. ఆకులు, వక్కలు, సున్నం ఉండాల్సిన అరల్లో మూడు అత్తరు సీసాలు, ఒక గాజు గొట్టం, కాస్త దూది, గోరంత కాగితం ముక్కలు, టార్చిలైటు బ్యాటరీ తొడుగును కత్తిరించిన జింకు రేకులు పెట్టాను. మూత వేసి ఉంటే ఎవరో బేగంగారి పాన్‌దాన్ అనుకుంటారు. మూత తీస్తే నీళ్ళలో పాషాణం, అంటే ఆర్సెనిక్ విషం, ఉందో లేదో అరగంటలో తేల్చి చెప్పే ప్రయోగశాల. ఆ మాట నేనే అన్నాను, నేను తప్ప ఇంకెవరూ అనలేదు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. పట్నంలో ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో పని. పని అంటే సీసాలు కడగడం, కడిగినవి తుడవడం, పెద్దసారు వాటిని వెలుతురుకు ఎత్తి చూసి మూతి విరిస్తే మళ్ళీ కడగడం. ఆ పెద్దసారు విలాయత్‌లో చదివొచ్చాడు. అక్కడ ఏం నేర్చుకున్నాడో నాకు ఈనాటికీ తెలియదు. పరీక్షలన్నీ కింది వాళ్ళు చేసేవాళ్ళు, సంతకాలన్నీ ఆయన చేసేవాడు. ఎక్కడో పల్లెలో ఎవరో చచ్చిపోతే, ఆ కడుపులోని సరుకు సీసాలో సీలు వేసుకొని మా దగ్గరికి వచ్చేసరికి పది రోజులు పట్టేది. మా దగ్గర నెల రోజులు పడి ఉండేది. ఆలోపు అనుమానం మీద పట్టుకొచ్చిన వాడు జైల్లో సగమైపోయేవాడు. పరికరాన్నే ఊరికి తీసుకుపోయేంత చిన్నది చేస్తే ఎలా ఉంటుందని ఒకసారి అడిగాను. "ప్రయోగశాల అంటే మంగలి పొది అనుకున్నావా, చంకలో పెట్టుకొని ఇల్లిల్లూ తిరగడానికి?" అని ఉర్దూలో అని, నవ్వమన్నట్టు చుట్టూ చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళ జీతాలు ఆయన చేతిలో ఉన్నాయి.

ఆ నవ్వు నాకు ఎక్కడో గుచ్చుకుంది. మనిషిని విజ్ఞానం వైపు నడిపించేది సత్యం మీద ప్రేమ అని పుస్తకాల్లో రాస్తారు. నన్ను నడిపించింది ఆ నవ్వు.

రజాకార్ల రోజుల్లో పట్నంలో సగం ఆఫీసులకు తాళాలు పడ్డాయి. మాదీ పడింది. నేను మా ఊరు ఇబ్రహీంపట్నం వచ్చి, పాత సామాన్ల వాడి దగ్గర కొన్న పాన్‌దాన్ ముందేసుకొని కూర్చున్నాను. పరీక్ష నేను కనిపెట్టింది కాదు, ఎప్పటినుంచో ఉన్నదే. అనుమానమున్న నీళ్ళలో కాస్త తేజాబు, అంటే ఆమ్లం, పోసి, జింకు ముక్క వేస్తే బుడగలు వస్తాయి. ఆ ఆవిరి గొట్టంలోంచి పైకి పోయి, రసకర్పూరమనే పాదరసపు ఉప్పు నీళ్ళలో తడిపి ఆరబెట్టిన కాగితానికి తగులుతుంది. నీళ్ళలో పాషాణం ఉంటే కాగితం మీద పసుపు మచ్చ పడుతుంది. లేకపోతే కాగితం తెల్లగానే ఉంటుంది. దీన్ని చిన్నది చేయడమొక్కటే నా ఘనత. తేజాబు కంసలి దగ్గర అడిగి తెచ్చుకున్నాను. శుభ్రమైన జింకు పట్నంలో తాళం వెనక ఉండిపోయింది కాబట్టి బ్యాటరీలు పగలగొట్టాను. పాషాణపు నలుసు కలిపిన నీళ్ళతో పరీక్షించాను. పసుపు మచ్చ పడింది. ఇంకోసారి చేశాను, మళ్ళీ పడింది. ఉత్త నీళ్ళతో చేసి చూడాలని మాత్రం నాకు తోచలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనేవాడికి నాలుగో కాలు వెతకాలని ఎందుకు తోస్తుంది?

ఇక మా దొర సంగతి చెప్పాలి. రజాకార్లు వస్తే కోళ్ళు కోయించిన మనిషి. కమ్యూనిస్టుల సంఘం వాళ్ళు ఆయన కోట, గడీ, మీదికి వస్తున్నారని పుకారు పుట్టగానే పట్టపగలు, ఆడవాళ్ళ పరదా కట్టిన బండిలో ముడుచుకొని కూర్చొని పట్నం పారిపోయాడు. పోలీసు చర్య జరిగి, యూనియన్ మిలిటరీ దిగి, రోడ్డు మీద భయం లేదని రూఢి అయ్యాక కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకొని తిరిగొచ్చాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. ఆయన తలకు ఏ టోపీ అయినా సరిపోయేది, లోపల అడ్డుపడేదేమీ లేదు.

వచ్చాక ఆయన కన్ను నీరడి మీద పడింది. నీరడి అంటే చెరువు తూము తెరిచి ఎవరి మడికి ఎంత నీళ్ళు పారాలో చూసే ఊరి పనివాడు. నేను చిన్నప్పటి నుంచి మామా అని పిలిచిన మనిషి, నన్ను అల్లుడా అనేవాడు. దొర లేని ఏడాది ఈయన చెరువు నీళ్ళు అందరి మళ్ళకూ సమానంగా విడిచాడు. అంతకుమించి ఏ నేరమూ చేయలేదు. తుపాకి పట్టలేదు, జెండా పట్టలేదు. కానీ దొరకు తుపాకి పట్టినవాడి కంటే నీళ్ళు పంచినవాడి మీదే కోపం ఎక్కువ.

ఆ చలికాలం దొరగారి ఎద్దు చచ్చింది. ఆయన తోటలోని మోటబావి నీళ్ళు తాగిన తరువాతే చచ్చిందని, బావిలో నీరడి విషం కలిపాడని, సంఘం వాళ్ళే చేయించారని దొర ఫిర్యాదు పెట్టాడు. పెద్ద అంబర్‌పేట దగ్గర మామిడితోటలో ఉన్న పోలీసు క్యాంపు నుంచి లారీ వచ్చింది. ఆ రోజుల్లో అలాంటి లారీ ఎక్కినవాళ్ళలో కొందరు తిరిగొచ్చేవాళ్ళు, కొందరు రాకపోయేవాళ్ళు. రానివాళ్ళు పారిపోతుంటే కాల్చామని చెప్పేవాళ్ళు. పారిపోయేవాళ్ళ చేతులు వెనక్కి ఎందుకు కట్టి ఉన్నాయని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఇది ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు.

నన్ను ఎవరూ పిలవలేదు. ఇది రాయడం నాకు ఇష్టం లేదు, అయినా రాస్తున్నాను. లారీ వచ్చిందని వినగానే నేనే పాన్‌దాన్ చంకన పెట్టుకొని తోటకు పరుగెత్తాను. నీరడిని కాపాడాలని కాదు, పట్టించాలనీ కాదు. నా డబ్బా చూసేవాళ్ళు దొరికారని పోయాను.

బావి గట్టు మీద కుర్చీలో ఇనస్పెక్టరు కూర్చొని ఉన్నాడు. ఉత్తరాది మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. ఆయనకు ఊరి లెక్కలు రాసే మా పట్వారి మాటలు మార్చి చెబుతున్నాడు. పట్వారి దొర ఉప్పు తిన్నవాడు, ఉప్పుతో పాటు ఇంకా చాలా తిన్నవాడు. నీరడి చేతులు కట్టేసి కింద కూలేశారు. నేను నా గురించి, నా డబ్బా గురించి ఉర్దూలో పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఇనస్పెక్టరుకు వేడుకగా అనిపించినట్టుంది, కానివ్వమన్నాడు. బావి నీళ్ళు తెప్పించి సీసాలో పోశాను. తేజాబు, జింకు వేశాను. బుడగలు మొదలయ్యాయి.

అది నడుస్తుండగా పట్వారి నీరడిని అడిగాడు.

"ఏమ్రా, ఈ బాయిల ఏమన్న ఏసినవా?"

"అవ్, ఏసిన. మందేసిన."

మా మాటలో మందంటే ఏమైనా కావచ్చు. దవాఖానలో ఇచ్చేదీ మందే, తాగి తూలేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే, మొగుడి అన్నంలో పెళ్ళాం కలిపిందని లోకులు చెప్పుకునేదీ మందే. ఏ మందో చెప్పాలంటే ఇంకో మాట కావాలి. నీరడి ఆ ఇంకో మాట కోసం నోరు తెరిచాడు. "గత్తర..." అన్నాడు. అంతలోనే పట్వారి ఇనస్పెక్టరు వైపు తిరిగి, "హుజూర్, మాన్ లియా. జహర్ డాల్యా బోల్రా" అన్నాడు, విషం వేశానని ఒప్పుకున్నాడని. పక్కనున్న జవాను లాఠీతో నీరడి భుజం మీద ఒక్కటి వేశాడు. మిగతా మాట లోపలే ఉండిపోయింది.

నాకు తెలుగు వచ్చు, ఉర్దూ వచ్చు. ఆ తోటలో ఈ రెండూ వచ్చి, దొర ఉప్పు తిననివాణ్ణి నేనొక్కణ్ణే. గత్తర అంటే కలరా అని, గత్తర మాట వచ్చినచోట మందంటే విషం కాదని నాకు తెలుసు. నోరు తెరవబోయాను కూడా. సరిగ్గా అప్పుడే కాగితం మీద పసుపు మచ్చ పడింది.

ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం. దాచుకోవడం ఎందుకు, ఒళ్ళు పొంగిపోయింది. పెద్దసారు ముఖం కళ్ళ ముందు కనిపించింది. "పాషాణం ఉంది" అన్నాను. ఇనస్పెక్టరు లేచి నాకు చేయి ఇచ్చాడు. వాంగ్మూలం రాయించుకున్నాడు. కింద సంతకం పెట్టి, పక్కన కెమిస్టు అని రాశాను. సీసాలు కడిగేవాణ్ణి, ఒక మచ్చతో కెమిస్టునైపోయాను.

లారీ ఎక్కిస్తుంటే నీరడి నా వైపు చూసి, "అల్లుడా, నువ్వన్న చెప్పు" అన్నాడు.

"కాగితం అబద్ధం చెప్పదు మామా" అన్నాను.

మధ్యాహ్నం ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. ఏడుస్తూ వస్తుందనుకున్నాను. తిడుతూ వచ్చింది.

"ఎద్దు ఎందుకు సచ్చిందో దొరకెరుక, పట్వారికెరుక, మేకలు కాసేటోళ్ళకు సుత ఎరుక. మంచాల ఊరి దిక్కు చెలకల జొన్న కోసినంక మోళ్ళకు పిలకలు లేసినయ్. గవి మేసి సచ్చింది. పిలక జొన్న మేస్తే గొడ్డు దక్కదని ఎరుకలేనోనివి ఊర్ల నువ్వొక్కనివే."

"మందేసిన అని ఆయన నోటితోనే ఒప్పుకున్నడు గద అత్తా" అన్నాను.

"గత్తర మందు! జాతరకు పోయొచ్చినోళ్ళకు కక్కుడు పట్టిందని టీకాలాయన ఎర్రమందు పొట్లాలు ఇచ్చిపోయిండు. ఊర్ల బాయిలన్నిట్ల ఏసిండు. మీ బాయిల సుత ఏసిండు. మొన్న నీళ్ళు ఎర్రగ రాలే? నువ్వు తాగలే?"

తాగాను. నీళ్ళు ఎర్రగా వచ్చాయని మా అమ్మ మీద విసుక్కున్నాను కూడా. అయినా నాకు బుద్ధి రాలేదు. "మందు వేరు, పాషాణం వేరు, నా డబ్బా రెంటినీ కలగలపదు" అని చెప్పి, ఆమె నోరు మూయించాలని పాన్‌దాన్ తెరిచాను. పట్నం నుంచి తెచ్చుకున్న బట్టీ నీళ్ళ సీసా ఒకటి ఉండేది. ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్ళు, వాటిలో ఏమీ ఉండదు. "చూడు, ఇవి మంచి నీళ్ళు. వీటికి కాగితం తెల్లగనే ఉంటది" అన్నాను. అరగంట ఇద్దరం కూర్చున్నాం.

కాగితం మీద మచ్చ పడింది. పొద్దున పడినంత పసుపు, అంతే గుండ్రం.

ఆమెకు చదువు లేదు, కళ్ళున్నాయి. "గిదేంది, మీ ఇంట్ల గూడ పాషాణమేనా? మరి నిన్నెవ్వలు పట్కపోతరు?" అంది.

నేను బావి నీళ్ళలో వెతికిన పాషాణం నా జింకులోనే ఉంది. చౌక జింకులో అది నలుసంతైనా ఉంటుందని, అందుకే అసలు పరీక్షకు ముందు ఉత్త నీళ్ళతో ఒకసారి చేసి చూడాలని ప్రయోగశాలలో గోడలకు కూడా తెలుసు. ఆ ఉత్త పరీక్షకు వాడిన సీసాలు మూడేళ్ళు కడిగినవాణ్ణి నేను. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదంటారు. నాది కిందే కాదు, నిలువెల్లా నలుపే.

మా చిన్నాన్న సైకిలు తీసుకొని, పాన్‌దాన్ వెనక కట్టుకొని బయలుదేరాను. ఆ మట్టి రోడ్డు మీద రెండుసార్లు పడ్డాను. మామిడితోట చేరేసరికి ఇంకా పొద్దుంది. నీరడి బతికే ఉన్నాడని, వెనక కొట్టంలో వేశారని కాపలావాడు చెప్పాడు.

ఇనస్పెక్టరు నన్ను చూసి సంబరపడ్డాడు. అప్పటికే నా డబ్బా గురించి పైవాళ్ళకు రాశాడట. ప్రతి క్యాంపుకూ ఇలాంటిదొకటి ఉండాలని సిఫారసు చేశాడట. పొద్దున ఆ మాట విని ఉంటే గాల్లో తేలిపోయేవాణ్ణి. నా డబ్బా తప్పు చెప్పిందని, ఆ మనిషి వేసింది కలరా మందని అన్నాను. ఆయన నవ్వాడు. యంత్రం తప్పు చెప్పదని, మనుషులే బెదిరింపులకు లొంగి మాట మారుస్తారని, నన్ను ఎవరు బెదిరించారో చెప్పమని అన్నాడు. పొద్దున నేను నీరడికి చెప్పిన మాటే ఇప్పుడు ఈయన నాకు అప్పజెబుతున్నాడు. అది ఎంత వెధవ మాటో అప్పుడు వినిపించింది.

"మీరు తాగే నీళ్ళే ఇప్పించండి, చూపిస్తాను" అన్నాను. బల్ల మీది కూజా నా వైపు తోశాడు. అందులో సగం అప్పటికే ఆయన తాగాడు. సీసాలో పోశాను, బుడగలు వచ్చాయి, కాగితం పసుపెక్కింది. నేను నోరు తెరిచి ఇది జింకు తప్పు అనేలోపే ఆయన కుర్చీ తన్నుకొని లేచాడు. గొంతులో వేళ్ళు పెట్టుకొని కక్కబోయాడు. నీళ్ళు మోసే కానిస్టేబుల్‌ను పిలిపించి, రాగానే చెంప పగలగొట్టి, వీణ్ణి కూడా కట్టేయమన్నాడు. పొద్దున దర్జాగా న్యాయం చేసిన మనిషి ఇతడే. నాకు అసహ్యం వేసింది. ఆ అసహ్యంలో సగం నా వాటా.

ఎంత చెప్పినా ఆ తలకు ఎక్కదని అర్థమైంది. కూజా ఎత్తి, మిగిలిన నీళ్ళన్నీ అతని ముందే గటగటా తాగేశాను. "నేను చచ్చిపోతే ఆ మనిషిని ఉంచుకోండి. బతికితే వదిలేయండి" అన్నాను. ధైర్యం అనుకునేరు, కాదు. ఆ నీళ్ళలో ఏమీ లేదని తెలిసే తాగాను. తెలియని సంగతికి ప్రాణం పెట్టేంత మంచివాణ్ణి కాను.

నన్నూ ఆ కానిస్టేబుల్‌నూ ఒకే మామిడిచెట్టు కింద కూర్చోబెట్టి కాపలా పెట్టారు. ఇనస్పెక్టరు గడియకోసారి వచ్చి ముందు తన నాడి చూసుకొని, తరువాత నా ముఖం చూసి పోయేవాడు. పొద్దు వాలినా ఆయనా చావలేదు, నేనూ చావలేదు. అప్పుడు నా వాంగ్మూలం తెచ్చి నా చేతే చింపించాడు. కెమిస్టుకు మతి చెడిందని, అందుకే ముద్దాయిని వదులుతున్నామని ఇంకో కాగితం మీద రాయించి సంతకం తీసుకున్నాడు. తన తప్పని మాత్రం ఎక్కడా రాయలేదు.

నీరడిని కొట్టంలోంచి తెచ్చారు. కుడిచేయి మణికట్టు దగ్గర వాచి వేలాడుతోంది. సైకిలు వెనక ఎక్కమంటే ఎక్కలేదు. నేను సైకిలు నడిపించుకుంటూ పక్కనే నడిచాను. దారిలో జింకు గురించి చెప్పబోయాను. "జర సప్పుడు చెయ్యకుంట నడువు సారు" అన్నాడు. అల్లుడా అనే మాట ఆ రోజుతో పోయింది. ఆ చేయి మళ్ళీ తూము తిప్పలేకపోయింది, ఆయన తిప్పాల్సినవి ఆయన తమ్ముడు తిప్పేవాడు.

ఎండలు ముదిరేసరికి గత్తర నిజంగానే వచ్చింది. మాల గుడిసెల్లో మొదట ముసలాయన ఒకడు పోయాడు, రెండు రోజులకు ఇంకో ఇద్దరు. టీకాలాయన మళ్ళీ ఎర్రమందు పొట్లాలు తెచ్చాడు. బావి దగ్గరికి పోనిచ్చేవాళ్ళే లేరు. మందు వేసినందుకు మనిషిని లారీలో ఎక్కించుకుపోయిన ఊరది. ఎవడు వేస్తాడు? దొరను అడిగితే నాకెందుకన్నాడు, పట్వారిని అడిగితే పైనుంచి హుకుం రావాలన్నాడు. పొట్లాలు చావడి అరుగు మీద మూడు రోజులు పడి ఉన్నాయి. నేను వేస్తానని పోతే ఆడవాళ్ళు బిందెలు అడ్డం పెట్టి, నీ చేయి మా బాయి మీద పడొద్దన్నారు. తప్పు పట్టలేను.

నాలుగో రోజు పొద్దున నీరడి ఒక పొట్లం ఎడమచేత్తో పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. అరుగు ఎక్కలేదు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"నేనేస్త. నేనేస్తే మంది ఆపరు. గని ముందుగాల నీ డబ్బాతోని ఈ మందు చూడు. దీంట్ల పాషాణం లేదని కాయితం రాసియ్యి. మల్ల లారీ వస్తే చూపెట్టెతందుకు నా దగ్గర గదన్న ఉండాలె."

డబ్బా అటక మీద ఉంది. జింకు మార్చలేదు. తెరిస్తే మంచి మందుకూ పసుపు మచ్చే పడుతుంది. ఆ మచ్చ ఆయన కళ్ళ ముందు పడితే ఊళ్ళో ఇంకెన్ని పాడెలు లేస్తాయో నాకు తెలుసు. పొట్లం విప్పి చూశాను. వంకాయ రంగు పలుకులు, తడి వేలికి అంటగానే రంగు దిగింది. సీసాలు కడిగేవాడు కూడా చూపుతో గుర్తుపట్టే మందు అది. లోపలికి పోయి కాగితం తెచ్చి, ఇది కలరా మందు, ఇందులో విషం లేదు, దీన్ని బావుల్లో వేయమన్నది నేను అని రాశాను. కింద నా పేరు, తండ్రి పేరు, ఊరు రాశాను. కెమిస్టు అని రాయలేదు.

ఆయన కాగితం అందుకోలేదు.

"డబ్బా తెరువకుంటనే రాసినవ్ సారు" అన్నాడు. "గా దినం గిట్ల రాస్తే నీదేం పోతుండె?"

కాగితం తీసుకొని తలగుడ్డలో చెక్కుకున్నాడు. పొట్లంతో బావి వైపు పోయాడు.